నాలుగు నిమిషాల కోసం బోరబండ ప్రయాణం

ఆదివారం పొద్దున పదకొండున్నరకు వనపర్తి బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కాను. ముప్పై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి బస్సులో అడుగు పెట్టగానే నాకు రెండు జబ్బులు తిరగబెడతాయి. ఒకటి తలలు లెక్కపెట్టడం, రెండోది కండక్టర్ పనిలో తప్పులు వెతకడం. ఆ రోజు మొత్తం నలభై ఆరుగురం. కండక్టరమ్మాయి నాకంటే చురుగ్గా ఉంది. కొత్తకోట దాకా గమనించినా ఒక్క తప్పూ దొరక్క కొంచెం నిరాశ పడ్డాను.

ఈ ప్రయాణానికి కారణం అంతకు నాలుగు రోజుల ముందు వచ్చిన ఫోన్. "సార్, నేను రేణుకను. చింతకుంటల పాలకేంద్రం దిక్కు నుంచి ఉరికొచ్చి మీ బస్సెక్కేదాన్ని. యాదికున్ననా?" అని అవతలి నుంచి ఒక ఆడమనిషి గొంతు. నిజానికి ఏమీ గుర్తు లేదు. అయినా "ఎందుకు లేవు బిడ్డా" అన్నాను. పాత ప్రయాణికులు పలకరిస్తే కండక్టర్లందరూ అలాగే అంటారు.

రేణుక ఇప్పుడు హైదరాబాద్‌లో బస్సు నడుపుతోందట. బోరబండ నుంచి కోకాపేటలోని ఒక ఆఫీసు టవరుకు హౌస్‌కీపింగ్ ఆడవాళ్లను రోజూ తీసుకుపోయి తీసుకొస్తుంది. "మీరు నాకోసం దినాం రెండు నిమిషాలు బస్సు ఆపేటోళ్లు సార్. అయినా మా బడికి ఎన్నడు లేటు కాలే. ఆ కిటుకేందో నాకు చెప్పాలె. ఈడ ఒక ఆడపిల్ల సదువు ఆగిపోయేటట్టుంది" అంది.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఆవిడ అంతా విని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంత మంచి పని చేసి నాతో ఒక్కనాడూ చెప్పలేదేం" అని నన్నే కోప్పడింది. సాయంత్రానికి మా వీధి మొత్తానికి తెలిసిపోయింది. రేషన్ షాపాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

అసలు సంగతి వేరు. చింతకుంట స్టేజీలో మల్లేశం హోటల్ ఉండేది. అల్లం దంచి వేసి చాయ్ పెట్టేవాడు. ఎనిమిదీ పదికి బస్సు అక్కడికి చేరేది. చాయ్ వడపోసి ఇవ్వడానికి, నేను ఊదుకుని తాగడానికి రెండు నిమిషాలు పట్టేది. ప్రయాణికులు గొణిగితే "టికెట్ల నంబర్లు రాసుకుంటున్నానయ్యా" అనేవాణ్ని. పోయిన సమయాన్ని డ్రైవరు తర్వాతి దారిలో గట్టిగా తొక్కి సరిచేసేవాడు. ఆ రెండు నిమిషాల్లో ఏ పిల్లో పరుగెత్తుకొచ్చి ఎక్కి ఉంటే అది ఆ పిల్ల అదృష్టం. ఇందులో కిటుకూ లేదు, మంచితనమూ లేదు. ఈ మాట మా ఆవిడకు చెబుదామని రెండుసార్లు వంటింట్లోకి వెళ్లాను. నాతో పంపడానికి ఆమె అప్పటికే మురుకుల పిండి కలుపుతోంది. రెండుసార్లూ పిండిలో ఉప్పు చూసి వచ్చేశాను. రేణుకకు ఎదురుగా కూర్చుని చెప్పేస్తే సరిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకుని బయలుదేరాను.

ఒంటిగంటకు జడ్చర్లలో బస్సు పది నిమిషాలు ఆగింది. జొన్నరొట్టె, పల్లీల పొడి తిన్నాను. మీలో ఎవరైనా హైటెక్ సిటీ వైపు పోవాలనుకుంటే పెద్ద బస్టాండు దాకా పోకండి, ఆరాంఘర్‌లో దిగండి. నేను రెండూ నలభైకి దిగి, సిటీ బస్సులో మెహదీపట్నం, అక్కడి నుంచి ఇంకో బస్సులో కొత్తగూడ చేరాను. ఆ బస్సులో నా పక్కన రాజమండ్రి వైపాయన కూర్చున్నాడు. గచ్చిబౌలి దాటాక అద్దాల భవనాలు చూపిస్తూ, "మా అబ్బాయి అదిగో ఆ పదహారో అంతస్తులో పనిచేస్తాడండి. నేను మాత్రం ఒక్కసారీ పైకెళ్లలేదండి, గేటు దగ్గరే ఫొటో తీయించుకున్నాను" అన్నాడు. ఫొటో చూపించాడు కూడా. అందులో భవనం సగమే పడింది గాని ఆయన నవ్వు పూర్తిగా పడింది.

కొత్తగూడ నుంచి షేర్ ఆటోలో హైటెక్ సిటీ రైల్వే స్టేషన్‌కు పోతే, రేణుక అక్కడ నాకోసం నిలబడి ఉంది. ముప్పై రెండేళ్లుంటాయి, ఖాకీ చొక్కా, జేబుకు విజిల్. ప్లాట్‌ఫామ్ మీద అందరి ముందూ నా కాళ్లకు దండం పెట్టింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఐదూ ఇరవై లోకల్ రైల్లో ఒక్క స్టేషను దూరం, అంతే, బోరబండ. టికెట్ ఐదు రూపాయలు.

వాళ్లది మేడమీద కిరాయి గది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే పని చేస్తాడు, మాటలు తక్కువ మనిషి. పప్పు, వంకాయ, మజ్జిగ పెట్టారు. తింటుండగా రేణుక ఆ ఆడపిల్ల సంగతి చెప్పింది.

పిల్ల పేరు శిరీష, పదో తరగతి. తల్లి ఒక దవాఖానలో రాత్రి డ్యూటీ ఆయా. మొదట కొత్తగూడలో ఉండేవాళ్లు, కిరాయి పెరగడంతో బోరబండకు మారారు. పదో తరగతి సగంలో బడి మారడం కుదరదు. తల్లి పొద్దున ఏడూ ముప్పై ఎనిమిదికి ఇల్లు చేరేదాకా శిరీష తన తమ్ముణ్ని చూసుకోవాలి. వాడికి పది నెలలు. తల్లి రాగానే పిల్లవాణ్ని అప్పగించి స్టేషన్‌కు పరుగెత్తుకొస్తుంది. సిటీ బస్సులో పోతే రెండు మారాలి, రద్దీలో కాలు పెట్టే చోటుండదు, రెండో పీరియడ్‌కు గాని బడి చేరదు. అందుకని రేణుక తన బస్సును ఏడూ నలభైకి తీయకుండా నలభై నాలుగు దాకా ఆపి, పిల్లను ఎక్కించుకుని, కొత్తగూడలో బడి ముందు దింపుతోంది. బస్సు కాంట్రాక్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"ఇప్పుడేమైంది మరి?" అన్నాను.

"ఆఫీసుల ముఖం చూపెట్టి హాజరేసే మిషన్ పెట్టిన్రు సార్. ఎనిమిదిన్నర దాటితే సగం దినం పోతది. మొన్నటి సంది మూడుసార్లు లేటైంది. ఆడోళ్లు నా మీద గరమైతున్నరు. వాళ్ల తప్పు గూడ కాదు. శిరీష వాళ్లమ్మ ఏమంటదంటే, బస్సు లేకుంటే సదువు బందు, తమ్ముని చూసుకుంట ఇంట్ల ఉంటది అంటది."

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ఆమె ఇంకో గరిటె పప్పు వడ్డించి, "మీరొచ్చిన్రు కద సార్, ఇగ నాకు ఫికర్ లేదు" అంది. నేను ఆ పప్పే కలుపుకున్నాను. నీళ్లు తాగి పడుకున్నాను.

సోమవారం ఏడూ ఇరవైకల్లా స్టేషన్ ముందున్నాం. ఇరవై ఆరు సీట్ల బస్సు, కడిగి తుడిచి పెట్టింది. తొమ్మిది మంది స్టేషన్ దగ్గరే ఎక్కారు. రేణుక నన్ను అందరికీ పరిచయం చేసింది. "నేను బడికి పోతుంటే నాకోసం బస్సు ఆపిన సార్ ఈయననే." ఆడవాళ్లు నావైపు మర్యాదగానే చూశారు గాని, చేతి గడియారాల వైపు అంతకంటే ఎక్కువ చూశారు. ఏడూ నలభై అయింది. నలభై రెండు. నలభై నాలుగుకు రెండు జడలు ఊగుతూ ఒక పిల్ల మార్కెట్ సందులోంచి పరుగెత్తుకొచ్చింది. ఎక్కి, ఎవరి ముఖమూ చూడకుండా, డ్రైవర్ వెనకున్న ఇనుప పెట్టె మీద ముడుచుకుని కూర్చుంది. సీట్లు ఖాళీగా ఉన్నాయి. అయినా వాటిలో కూర్చోలేదు. అది చూశాక నాకు చాయ్ సంగతి వెనక్కి పోయి పని సంగతి ముందుకొచ్చింది.

జేబులోంచి కాగితం తీసి పాత అలవాటు ప్రకారం స్టేజీలు రాయడం మొదలుపెట్టాను. స్టేషన్ నుంచి బస్సు ఎడమచేతి రోడ్డు పట్టింది. పిండిగిర్నీ దగ్గర ఇద్దరెక్కారు. వంద గజాలు పోగానే చికెన్ షాపు దగ్గర ఒకరు. ఇంకో వంద గజాలకు గుడి మలుపులో ముగ్గురు. ఆ మలుపులో కూరగాయల బండ్లు అడ్డం ఉండి, ఒకటి వెనక్కి జరిపేదాకా మనం ఆగాలి. గుడి మలుపులో ఎక్కిన వాళ్లలో యాదమ్మ అని యాభై ఐదేళ్లావిడ ఉంది. మోకాళ్లు పట్టుకుని ఎక్కి, సీట్లో కూర్చుని, ఒళ్లో సంచి విప్పి గోరుచిక్కుడుకాయల ఈనెలు తీయడం మొదలుపెట్టింది. చేతులు ఆగలేదు, నోరూ ఆగలేదు.

"ఒక్కపోరి కోసం పదిహేను మందిమి పరేషాన్ కావాల్నా సార్? మీరే చెప్పున్రి" అంది నాతో. శిరీష కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వింటూనే ఉంది.

మాదాపూర్ దాటి కొత్తగూడలో పిల్లను దింపేసరికి ఎనిమిదీ పదమూడు. గచ్చిబౌలి దగ్గర ఒక సిగ్నల్ మా ముందే ఎర్రబడింది. కోకాపేట టవర్ కింద బస్సు ఆగేసరికి ఎనిమిదీ ముప్పై నాలుగు. ఆడవాళ్లందరూ చెప్పులు చప్పుడయ్యేలా పరుగెత్తారు. యాదమ్మ పరుగెత్తలేక నడిచింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి రేణుకను ఒక చూపు చూసి పోయింది.

"నాలుగో లేటు సార్" అంది రేణుక. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి.

ఆ టవర్ చాలా ఎత్తు. ఎన్ని అంతస్తులో లెక్కపెడదామని ముప్పై దాకా పోయి, మెడ నొప్పి పుట్టి మానేశాను. ఎదురుగా కంకర లారీలు తిరిగే చోట ఒక బండి దగ్గర ఇడ్లీ బాగుంది. తిన్నాక కాగితం బయటికి తీశాను. మూడు స్టేజీల్లో ఆగడం, కదలడం, మలుపులో బండ్లు, అన్నీ కలిపి ఐదు నిమిషాల పైన పోతోంది. అందరూ పిల్ల కోసం ఆగిన నాలుగు నిమిషాలనే చూస్తున్నారు, ఈ ఐదూ ఎవరి కంటికీ కనిపించడం లేదు.

"శిరీష ఇల్లెక్కడ?" అని అడిగాను.

"వాటర్ ట్యాంక్ ఎన్కాల, సార్."

"ట్యాంక్ ముందు నుంచి బస్సు పోయే రోడ్డు ఉందా?"

"ఉంది. స్టేషన్ కాడ కుడిచెయ్యి దిక్కు. ఆడ మనోళ్లు ఎవరు ఎక్కరు, అందుకే అటు పోను."

"పిల్ల ఇంటి నుంచి ట్యాంక్‌కు ఎంతసేపు?"

"రెండు నిమిషాలు గూడ పట్టది." అని, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. "అంటే స్టేషన్ కాడ ఆగుడు పనే లేదంటరా?"

"నలభైకి తీసెయ్యి. కుడివైపు తిప్పు. ట్యాంక్ దగ్గరికి పోయేసరికి పిల్ల అక్కడ ఉంటుంది. ఆ మూడు స్టేజీల వాళ్లూ ట్యాంక్ దగ్గరికే నడిచి రావాలి. అది ఒక్కటే చిక్కు."

రేణుక నా కాగితం తీసుకుని స్టేజీలన్నీ వేలితో చదివింది. "నిలబడి ఎదురుచూసుడే మంచితనం అనుకున్న సార్. మీరు గట్లనే చేసిన్రని" అంది. చాయ్ సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. సరిగ్గా అప్పుడే కంకర లారీ ఒకటి హారన్ కొట్టింది, నేను దాన్ని సాకుగా తీసుకున్నాను.

ఖాళీ బస్సులో బోరబండకు తిరిగొచ్చి, మధ్యాహ్నం ఆమె భర్త స్కూటర్ మీద ట్యాంక్ రోడ్డు చూసి వచ్చాను. బస్సు పడుతుంది. గుడి మలుపు నుంచి ట్యాంక్‌కు నా అడుగులతో మూడు వందల ఎనభై, అందులో సగం ఎత్తు. నేనే ఒకచోట ఆగి ఊపిరి తీసుకున్నాను. యాదమ్మ మోకాళ్లు గుర్తుకొచ్చాయి.

సాయంత్రం ఐదింటికి కోకాపేటలో తిరుగు బస్సు కదిలే ముందు లేచి నిలబడి, కాగితం చేతిలో పెట్టుకుని అందరికీ లెక్క చెప్పాను. ముప్పై ఏళ్లు బస్సులో అరిచిన గొంతు గదా, చివరి సీటుకు కూడా వినిపించింది. పిల్ల కోసం పోయేది నాలుగు, మీ వాకిళ్ల ముందు ఆగినందుకు పోయేది ఐదు అన్నాను. కొందరు నవ్వారు, ఒకామె ముఖం ముడుచుకుంది. గిర్నీ దగ్గర ఎక్కే ఇద్దరూ సరే అన్నారు. చికెన్ షాపామె కూడా సరే అంది. అందరూ యాదమ్మ వైపు చూశారు. ఆమె ఈనెలు తీయడానికి కాయలేవీ లేక ఖాళీ సంచిని మడతపెడుతోంది.

"నా మోకాళ్ల సంగతి ఎరుకేనా మీకు?" అంది.

"ఎరుకేనమ్మా. నేను నడిచి చూసిన. నీకు కష్టమే" అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ఆమె మడతపెట్టిన సంచిని మళ్లీ విప్పింది. తర్వాత ఎవరితోనూ కానట్టు, "నా బిడ్డ ఏడో తరగతిల బడి మానేసింది. నడిచి పోవుడు దూరమని. ఎవలన్న బండాపి ఎక్కించుకుంటే పోతుండె" అంది. "పది నిమిషాలు ముందు లేస్త తీయ్. గుడి ఎన్కాల మెట్లున్నయి, అటు నుంచి వస్త. రేణుకా, బండి తీయ్, ఇంటికాడ బియ్యం నానబెట్టి వచ్చిన."

ట్యాంక్ దగ్గరికి రమ్మని రేణుక ఆ సాయంత్రమే శిరీష ఇంట్లో చెప్పి వచ్చింది. మంగళవారం ఏడూ నలభైకి, ఒక్క సెకను కూడా అటూ ఇటూ కాకుండా, స్టేషన్ నుంచి బస్సు కదిలింది. కుడివైపు తిరిగింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు కూడా అంత భయపడలేదు. ట్యాంక్ కనిపించింది. దాని కింద ఆరుగురూ నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు యాదమ్మ ఉంది, చెమట తుడుచుకుంటూ. శిరీష లేదు.

రేణుక నావైపు చూసింది. ఆరుగురూ ఎక్కారు. యాదమ్మ మాత్రం మెట్టు మీద ఒక కాలు, కింద ఒక కాలు పెట్టి అలాగే నిలబడింది. "నా మోకాలు పట్టేసింది. జర ఆగు" అంది గట్టిగా. మోకాలు పట్టేసిన మనిషి మెడ సాచి సందులోకి చూడదు. అర నిమిషంలో శిరీష వచ్చింది, చంకలో పుస్తకాలు, చేతి మీద తమ్ముడి పాల మరక. యాదమ్మ మోకాలు వెంటనే నయమైంది. పిల్ల ఇనుప పెట్టె వైపు పోబోతుంటే రెక్క పట్టుకుని తన పక్క సీట్లో కూలేసింది. "ఈడ కూసో. ఈ ఈనెలు తీయి. పుణ్యానికి కూసుంటవా" అని గోరుచిక్కుళ్లు సగం ఆమె ఒళ్లో పోసింది. బస్సంతా నవ్వింది. శిరీష కూడా నవ్వింది. ఆ పిల్ల నవ్వు చూడటం నాకదే మొదలు.

కొత్తగూడలో బడి ముందు ఎనిమిదీ ఏడు. కోకాపేటలో ఎనిమిదీ ఇరవై ఏడు. ఆడవాళ్లు పరుగెత్తకుండా, మాట్లాడుకుంటూ లోపలికి పోయారు.

రేణుక నన్ను గచ్చిబౌలిలో ఆరాంఘర్ బస్సు ఆగే చోట దింపింది. తొమ్మిదీ పది. బస్సు ఇంకా రాలేదు. ఇంక దాటవేయడానికి లారీ కూడా లేదు.

"రేణుకా, ఒక మాట. నేను ఆ రోజుల్ల బస్సు ఆపింది నీకోసం కాదు బిడ్డా. మల్లేశం హోటల్ల చాయ్ కోసం. ఆరు రోజుల సంది చెప్పలేక చస్తున్న."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను, లేదా ముఖం చిన్నబోతుందనుకున్నాను. రెండూ కాలేదు. "ఎరుకే సార్" అంది. "నేను ఉరికొస్తుంటే మీ చేతిల గ్లాసు కనిపిస్తనే ఉండె. తొమ్మిదో తరగతంత గట్లనే నడిచింది."

"మరి?"

"నేను పదికి వచ్చినంక మల్లేశం హోటల్ ఎత్తేసిండు కద సార్. గద్వాలల అల్లుని కాడికి పోయిండు. మీకు యాదికి లేదా? పదో తరగతి ఏడాదంత ఆడ చాయ్ లేదు. మీరు ఫుట్‌బోర్డు మీద నిలబడి పాలకేంద్రం దిక్కు చూస్తుండేటోళ్లు."

నిజమే, హోటల్ ఎత్తేశాడు. తడికలు పీకేసిన ఆ ఖాళీ జాగా కళ్లముందు కదిలింది. ఆ తర్వాత కూడా బస్సు ఎందుకు ఆపానో ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు. "అలవాటు కొద్దీ ఆపిన్నేమో" అన్నాను.

"అలవాటో ఏందో నాకెరుక లేదు సార్" అంది రేణుక. "నేనొచ్చేసరికి బస్సైతే ఉండేది."

ఆరాంఘర్ బస్సు వచ్చింది. రేణుక నా సంచి ఎత్తి లోపల పెట్టి, విజిల్ ఊది, తానే బస్సును సాగనంపింది. దాని డ్రైవరు ఎవరీమె అన్నట్టు చూశాడు. పదకొండుకు ఆరాంఘర్‌లో వనపర్తి బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు కూడా దొరికింది. అద్దాల భవనాలు ఎన్ని చూశానని మా వీధిలో అడుగుతారు. నేను చూసింది ఒక వాటర్ ట్యాంక్, మూడు వందల ఎనభై అడుగుల దారి, మోకాళ్ల నొప్పితో దాన్ని ఎక్కి వచ్చిన ఒక మనిషి. నా మీద నాకు సిగ్గు వేసింది, సంతోషమూ వేసింది. రెండిట్లో సంతోషమే ఎక్కువ. జడ్చర్లలో దిగి మా ఆవిడకు ఫోన్ చేసి, ముందు చాయ్ సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వి, తర్వాత మిగిలింది చెప్పమంది.